సొంత ఫోనుకు ఏ సిమ్? ఏ ప్యాకు? సరిహద్దు గ్రామాల వారు చూడవలసిన లెక్కలు

నేడు పల్లెల్లో సైతం స్మార్ట్‌ఫోను లేని ఇల్లు అరుదు. పట్టణంలోని దుకాణంలో కొన్నదైనా, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చి ఇచ్చినదైనా, ఆ ఫోనులో ఏ కంపెనీ సిమ్ వేసుకోవాలన్న నిర్ణయం చాలా సందర్భాలలో కుటుంబానిదే. అయితే ఈ నిర్ణయాన్ని రీచార్జి దుకాణంలో నిలబడి, గోడ మీది ధరల పట్టిక చూసి తీసుకునే వారే ఎక్కువ. బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగు, పిల్లల పాఠశాల సందేశాలు అన్నీ ఒకే నంబరుకు ముడిపడి ఉన్న ఈ రోజుల్లో పొరపాటు ఎంపిక వల్ల కలిగే నష్టం నెల రీచార్జితో ఆగదు. రెండు రాష్ట్రాల టవర్ల మధ్య నివసించే సరిహద్దు కుటుంబాలు మరికొన్ని సంగతులు కూడా గమనించవలసి ఉంటుంది.

లాక్ ఉన్న ఫోను, లేని ఫోను

ఒక కంపెనీ సిమ్‌తో మాత్రమే పనిచేసేలా బిగించిన ఫోనును లాక్ ఫోను అంటారు. మన దేశంలో 2017లో వచ్చిన జియోఫోను ఇందుకు తెలిసిన ఉదాహరణ. అందులో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. అమెరికాలో వాయిదాల పద్ధతిలో కొన్న ఫోన్లు సాధారణంగా బాకీ తీరేవరకు లాక్‌లోనే ఉంటాయి. కనుక అక్కడి నుంచి ఫోను పంపే బంధువులను లాక్ తీయించి పంపమని ముందే కోరడం మంచిది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అర కూడా లేదు. అవి ఈ-సిమ్ మీదనే నడుస్తాయి. అటువంటి ఫోను చేతికి వచ్చినప్పుడు, తాము ఎంచుకున్న కంపెనీ తమ ప్రాంతంలో ఈ-సిమ్ ఇస్తున్నదా అని ముందుగా విచారించాలి.

వాడిన ఫోను కొనేవారు *#06# నొక్కితే తెరపై 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడుతుంది. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆపై ఈ సంఖ్య టైపు చేసి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. దొంగిలించినదిగా నమోదై నిలిపివేయబడిన ఫోనులో ఏ కంపెనీ సిమ్ వేసినా ప్రయోజనం ఉండదు.

ధర కన్నా ముందు టవరు

టెలికాం శాఖ దేశాన్ని 22 సర్కిళ్లుగా విభజించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే సర్కిల్‌లో ఉన్నాయి. పుదుచ్చేరి పాలనలో ఉన్నప్పటికీ యానాం కూడా అందులోనిదే. కోలారు, పావగడ, బళ్లారి వాసులు కర్ణాటక సర్కిల్‌లోకి, హోసూరు వారు తమిళనాడు సర్కిల్‌లోకి, రాయగడ, కొరాపుట్ వారు ఒడిశా సర్కిల్‌లోకి, సిరొంచ వారు మహారాష్ట్ర సర్కిల్‌లోకి వస్తారు.

ఒకప్పుడు ఈ విభజన సరిహద్దు పల్లెలకు పెద్ద బెడదగా ఉండేది. ఇంట్లో కూర్చున్న ఫోనే పొరుగు రాష్ట్రపు టవరును అందుకొని రోమింగ్‌లోకి పోయేది. వచ్చిన కాలుకు కూడా సొమ్ము కోసేవారు. 2013లో ఈ రుసుముకు నిమిషానికి 75 పైసలు, 2015లో 45 పైసలు గరిష్ఠ పరిమితిగా ట్రాయ్ నిర్ణయించింది. 2016లో సేవలు ప్రారంభించిన జియో రోమింగ్ రుసుము లేదని ప్రకటించగా, 2017లో ఎయిర్‌టెల్ కూడా దేశంలో రోమింగ్ రుసుమును ఎత్తివేసింది.

రుసుము పోయినా దాని భయం మాత్రం ఫోన్లలో మిగిలిపోయింది. ఎప్పుడో ఆపివేసిన ‘డేటా రోమింగ్’ మీట చాలా ఫోన్లలో నేటికీ అలాగే ఉన్నది. దాని వల్ల ఫోను పొరుగు సర్కిల్ టవరుకు మారినప్పుడు మాటలు వినబడతాయి గాని, ఇంటర్నెట్ ఆగిపోతుంది. నెట్‌వర్క్ బాగాలేదని కంపెనీని మార్చే ముందు సెట్టింగులలో ఈ మీటను తెరిచి చూడాలి. విదేశాలకు వెళ్లేటప్పుడు మాత్రం దానిని తప్పక మూసివేయాలి.

ఏ కంపెనీ సంకేతం బాగున్నదో తెలుసుకొనడానికి ప్రకటనల కన్నా ఇరుగుపొరుగు ఫోన్లే నమ్మదగినవి. పడకగదిలో, వంటింట్లో, పొలం గట్టు మీద, సాయంత్రం అందరూ ఫోన్లు చూసే వేళలో కూడా పరీక్షించాలి. ఫోనులో రెండు సిమ్‌లకు చోటు ఉంటే, కొత్త కంపెనీ సిమ్‌ను ఒక నెల రెండవ అరలో వాడి చూడడం అన్నిటికన్నా క్షేమం.

ఫోనుకు అందే తరంగాలు

టవరు దగ్గరలో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ టవరు పంపే తరంగాన్ని ఫోను అందుకోగలగాలి. ఈ తరంగాలను బ్యాండ్లు అంటారు. జియో 4జీ సేవ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తున్నది; ఇవి వరుసగా 5, 3, 40 సంఖ్యల బ్యాండ్లు. ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300 తరంగాలను వాడుతున్నది. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700, 2100 ముఖ్యమైనవి. ఇవి 28, 1 సంఖ్యల బ్యాండ్లు. మెగాహెర్ట్జ్ తక్కువైన తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడలను దాటుతుంది. పల్లెలకు అది మేలు. విదేశాలలో కొన్న చౌక ఫోన్లలో కొన్నిటికి మన బ్యాండ్లన్నీ ఉండవు. ఫోను మోడల్ సంఖ్యను బట్టి ఈ వివరం తెలుసుకోవచ్చు.

జియోకు 2జీ, 3జీ లేవు. మాటలు కూడా 4జీ మీదనే నడవాలి. దీనినే వోల్టీ అంటారు. విదేశీ ఫోనులో ఇక్కడి నెట్‌వర్క్‌కు వోల్టీ పనిచేయకపోతే ఇంటర్నెట్ వచ్చినా కాలు పోదు.

డేటా ఎంత కావాలి?

రోజుకు 1.5 జీబీ చొప్పున 28 రోజులకు 42 జీబీ అవుతుంది. అయితే ఈనాడు మిగిలినది సాధారణంగా రేపటికి జమ కాదు. ఒక మోస్తరు స్పష్టతతో వీడియో చూస్తే గంటకు సుమారు అర జీబీ, ఎక్కువ స్పష్టతతో చూస్తే ఒక జీబీకి పైగా ఖర్చవుతుంది. వాట్సాప్ సందేశాలకు, డబ్బు చెల్లింపులకు అయ్యేది అతి స్వల్పం. గత నెలలో ఎంత వాడారో ఫోను సెట్టింగులలోని ‘డేటా వాడకం’ చూపుతుంది. ఊహ కన్నా ఆ అంకె నమ్మదగినది. అపరిమిత 5జీ అన్న ప్రకటన చూసి ఖరీదైన ప్యాకు వేసే ముందు, ఊరికి 5జీ సంకేతం వస్తున్నదా, ఫోను 5జీదేనా అన్నది చూడాలి. రెండిటిలో ఏది లేకున్నా ఆ అదనపు సొమ్ము వృథా.

ఇంటర్నెట్ వాడని వృద్ధులకు డేటాతో పనిలేదు. మాటలకు, సందేశాలకు మాత్రమే వర్తించే ప్యాకులను కూడా విధిగా అమ్మాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిర్దేశించింది. ఇవి కనబడకపోతే దుకాణంలో అడగాలి.

28 రోజుల నెల

28 రోజుల ప్యాకుతో ఏడాదికి 12 కాదు, 13 రీచార్జీలు అవసరమవుతాయి. 30 రోజుల ప్యాకు ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన వేసుకోగల ప్యాకు ఒకటి తప్పక ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది. ప్యాకులను పోల్చేటప్పుడు మొత్తం ధరను రోజుల సంఖ్యతో భాగించాలి. అప్పుడు రోజుకు పడే ఖర్చు తేలుతుంది, అసలు చౌక ఏదో బయటపడుతుంది.

నంబరు పోకుండా మారడం

కంపెనీ మార్చినా పాత నంబరునే ఉంచుకోవచ్చు. 2015 జూలై నుంచి సర్కిల్ మారినా ఈ సదుపాయం ఉన్నది. పోర్ట్ అనే ఇంగ్లీషు పదం, ఒక ఖాళీ, పది అంకెల నంబరు టైపు చేసి 1900కు పంపితే ఒక కోడు వస్తుంది. నాలుగు రోజులలోగా ఆ కోడును, గుర్తింపు పత్రాన్ని కొత్త కంపెనీ దుకాణంలో ఇవ్వాలి. అదే సర్కిల్‌లో మూడు, వేరే సర్కిల్‌కైతే అయిదు పనిదినాలు పడుతుంది. సిమ్ తీసుకొని 90 రోజులు నిండి ఉండాలి. తమ ప్యాకులో సందేశాలు లేవన్న కారణంతో 1900కు సందేశాన్ని అడ్డుకోరాదని 2021లో ట్రాయ్ స్పష్టం చేసింది.

వలస వెళ్లిన వారు, రెండవ సిమ్‌ను పక్కన పడేసిన వారు ఒక్క సంగతి మరువరాదు. చాలాకాలం వాడని నంబరును కంపెనీ రద్దుచేసి మరొకరికి ఇవ్వవచ్చు. ఆ నంబరు బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంటే ఓటీపీలు పరాయివారి చేతికి పోతాయి. కాబట్టి అటువంటి సిమ్‌ను అప్పుడప్పుడు చిన్న రీచార్జితో బ్రతికించుకోవాలి, లేదా ముందుగానే బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి.

మొదట ఇంట్లో అందే టవరు, తరువాత ఫోనుకు అందే తరంగం, ఆ తరువాత వాడకం, చివరిగా రోజుకు పడే ధర. ఈ వరుసలో చూసుకున్న కుటుంబానికి గోడ మీది ధరల పట్టిక తికమక పెట్టదు.