చచ్చి బతికే తాడు

"లిగమెంట్ ఆపరేషనై రెండు నెలలైంది. నొప్పి లేదు, మెట్లెక్కుతున్నాను, బండి నడుపుతున్నాను. అయినా సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకెళ్లొద్దంటున్నారు డాక్టరు. ఎందుకని?" అంటూ ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

ముందు రెండు ముక్కలు. మోకాలి నడిమధ్య రెండు లిగమెంట్లు కత్తెర వేసినట్టు ఒకదాన్నొకటి దాటుతుంటాయి. ముందుదే ఏసీఎల్, పొడవు 3 సెంటీమీటర్ల పైచిలుకు. ఉత్తరంలోని లిగమెంట్ ఇదే. మనవాళ్లు 'నరం తెగింది' అంటారు గానీ అది నరం కాదు, గట్టి పీచు. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీదుగానే గాయం పూడుతుంది. ఏసీఎల్ తెగితే మాత్రం కీలు ద్రవంలో గడ్డ నిలవదు, కరిగిపోతుంది. కుట్టేస్తే సరి అనుకున్నవాళ్లు చాలామందే. 1895లో లీడ్స్‌లో మేయో రాబ్సన్ ఒక గని కార్మికుడి మోకాలికి కుట్టాడు, బాగానే ఉందన్నాడు కూడా. 1976లో ఫీగిన్, కర్ల్ అమెరికా సైనిక విద్యార్థుల కుట్లు ఐదేళ్లకు ఏమయ్యాయో చెప్పేసరికి ఆ ఉత్సాహం చల్లారింది.

అందుకే ఇప్పుడు ఎక్కువగా తొడ వెనక నుంచో మోకాలిచిప్ప కింది నుంచో టెండన్ (కండను ఎముకకు కలిపే పీచు) తీసి, ఎముకల్లో తొలిచిన సొరంగాల గుండా లాగి బిగిస్తారు. ఇంతవరకూ వడ్రంగం. అసలు కథ ఇక్కడ మొదలు.

నాలుగు పేటలు చేసిన తొడ టెండన్, పెట్టిన రోజున అసలు ఏసీఎల్ కన్నా గట్టిది. కానీ కోసి తీశాక దానికి రక్తం అందదు. కొన్ని వారాల్లో లోపలి కణాలు చాలామటుకు చచ్చిపోతాయి. మిగిలేది మనుషుల్లేని ఇల్లు. తర్వాత చుట్టూ ఉన్న పొర నుంచి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు పాకి వచ్చి అందులో దిగుతాయి. దిగి ఊరుకోవు! పాత కొల్లాజెన్ పీచును కరిగించి కొత్తది అల్లుకుంటాయి. పడగొట్టడం ముందు, కట్టడం తర్వాత. జంతువుల్లో లాగి తెంపి చూస్తే, ఇలా తెచ్చి పెట్టిన టెండన్, అంటే గ్రాఫ్టు, బాగా బలహీనపడేది తొలి రెండు మూడు నెలల్లోనే. మనుషుల్లో ఈ పని ఇంకా నెమ్మది, ఏడాది దాటినా సాగుతుంది. 1986లో అమీల్ బృందం కుందేళ్ల మోకాళ్లలో టెండన్ క్రమంగా లిగమెంటు గుణాలు తెచ్చుకోవడం చూసి 'లిగమెంటైజేషన్' అని పేరు పెట్టింది. నోరు తిరగని పేరే, ఏం చేస్తాం.

ఈ గొడవంతా ఎందుకని కొందరు కార్బన్ పీచు పెట్టి చూశారు. అది ముక్కలు రాలి కీలు లోపల నల్లబడింది. ప్రాణంలేని తాడు అరగడమే గానీ తనను తాను అల్లుకోలేదు కదా!

ఇక ఆటగాళ్ల సంగతి. ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల దాకా ఆటకు దిగకుండా ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగం తగ్గిందని 2016లో ఓస్లో, డెలావేర్ పరిశోధకులు చూపించారు. మన దగ్గరేమో కుట్లు విప్పగానే ఫిజియోకు పెట్టే డబ్బు దండగనిపిస్తుంది.

ఉత్తరం రాసిన తమ్ముడూ, ఈ సంక్రాంతికి గీత బయట కూర్చుని చూడు. నీ మోకాల్లో ఇంకా గోడలు పడగొడుతున్నారు.