సర్టిఫికెట్ పోయింది... ప్రయాణం ఆగాలా?

బీరువాలో చీరల మడతల మధ్య చూశారు. దేవుడి పటాల వెనక చూశారు. బియ్యం డబ్బా కింద, పాత కేలండర్ల చుట్టలో కూడా వెతికారు. లేదు! మొన్న తాండూరులో జిరాక్సు తీయించినప్పుడు చేతిలోనే ఉంది. ఆ తర్వాత బస్సులో జారిందో, షాపులోనే మరిచారో ఎవరికీ గుర్తు లేదు.

యాలాల్ మండలంలోని ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. పోయింది పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. అంటే ఈ మనిషి మీద నేరాల రికార్డేమీ లేదని చెప్పే కాగితం. నర్సింగ్ చదివి బ్రిటన్‌లో ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయికి వీసా దరఖాస్తులో అది తప్పనిసరి. గడువు చూస్తే దగ్గర పడుతోంది. ఇక ఇంట్లో మాటలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. "కాగితం కూడా దాచుకోలేనిది దేశం కాని దేశంలో ఏం బతుకుతుంది?" అని ఒకరు. "శకునం బాగాలేదు, ఈసారికి మానుకో" అని ఇంకొకరు. పోయింది ఒక కాగితం. ఊరుకుంటే దాని వెంట ఉద్యోగమూ పోతుంది!

ఈ లోపు ఎవరో ఒక తెలిసిన మనిషి వస్తాడు. "డూప్లికేట్ నేను తెచ్చిస్తాగా, కొన్ని వేలవుతుంది" అంటాడు. అక్కడే ఆగండి. పదో తరగతి మెమోకు ఉన్నట్టు ఈ సర్టిఫికెట్‌కు డూప్లికేట్ అని విడిగా దరఖాస్తేమీ లేదు. పోయినా, పాతబడినా మళ్లీ కొత్తగా పెట్టుకోవడమే. ఫీజు 500 రూపాయలు. ఆ మనిషి తెచ్చేది పాత కాగితం మీద తేదీ మార్చిన నకలైతే, నేరం చేయలేదని చెప్పుకోబోయి నేరంలో ఇరుక్కున్నట్టవుతుంది.

నిజానికి కొత్తది తీసుకోవడంలో ఒక లాభం కూడా ఉంది. ఈ కాగితం ఎంత పాతదైతే చెల్లుతుందో ఒక్కో దేశం ఒక్కోలా లెక్క కడుతుంది. ఆస్ట్రేలియా ఇచ్చిన తేదీ నుంచి 12 నెలలు ఒప్పుకుంటుంది. ప్రస్తుతం ఉంటున్న దేశం ఇచ్చిన సర్టిఫికెట్ అయితే, దరఖాస్తుకు ముందు 6 నెలల లోపుదే కావాలంటుంది కెనడా. పోయిందని ఏడుస్తున్న కాగితం దొరికినా అప్పటికి పనికొచ్చేది కాదేమో, ఎవరు చూడొచ్చారు?

ఎక్కడికి వెళ్లాలి?

విదేశీ ఉద్యోగానికో, దీర్ఘకాలిక వీసాకో, అక్కడ స్థిరపడటానికో కావలసిన సర్టిఫికెట్ ఇచ్చేది పాస్‌పోర్టు కార్యాలయం. ఊరు చూసి రావడానికి వెళ్లే టూరిస్టు వీసాకు దీన్ని ఇవ్వరు. ఒకప్పుడు దీనికోసం హైదరాబాదు దాకా పోవాల్సి వచ్చేది. 2022లో సౌదీ వీసాలకు ఈ కాగితం అడగడం మొదలుపెట్టాక దేశమంతటా రద్దీ పెరిగింది. ఆ ఏడాది సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ దరఖాస్తు తీసుకోవడం మొదలుపెట్టారు. (తమాషా ఏమిటంటే, నవంబరులో సౌదీ ఎంబసీ భారతీయులకు ఈ నిబంధనే ఎత్తేసింది! పోస్టాఫీసు సౌకర్యం మాత్రం మనకు మిగిలింది.) యాలాల్ వాళ్లకు వికారాబాద్ పోస్టాఫీసులో అలాంటి కేంద్రం ఉంది. తాండూరులో రైలెక్కితే పని చూసుకుని అదే రోజు ఇల్లు చేరొచ్చు.

ముందుగా పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, ఫీజు అక్కడే కట్టి, రోజూ సమయమూ ఖాయం చేసుకోవాలి. చిరునామా చివర గవ్.ఇన్ ఉందో లేదో చూసుకోండి. అచ్చు అలాగే కనిపించే దొంగ సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతున్నాయని విదేశాంగ శాఖే హెచ్చరించింది. ఏ దేశం కోసమో అందులో రాయాలి. వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్టు, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సులు, ఇప్పుడుంటున్న చిరునామాకు రుజువు వెంట ఉండాలి. కూలి పనులకో చేతివృత్తి పనులకో గల్ఫ్ లాంటి దేశాలకు వెళ్లేవారిని ఉద్యోగ ఒప్పందం, వీసా కాపీ కూడా అడుగుతారు.

పాత సర్టిఫికెట్ పోయిందన్న ఫిర్యాదు రసీదు ఆ జాబితాలో లేదు. అయితే దానితోపాటు పాస్‌పోర్టు కూడా పోతే కథ మారుతుంది. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ముందు పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవాలి. మామూలు 36 పేజీల దానికి 3,000 రూపాయలు. క్లియరెన్స్ సంగతి ఆ తర్వాతే.

ఒక చిన్న మాట. మన ఆడవాళ్లలో చాలామంది ఈ పనులు నెట్ సెంటరు అబ్బాయికో, మరిదికో అప్పగిస్తారు. అతను తన ఈమెయిలు, తన ఫోను నంబరు పెట్టి ఖాతా తెరుస్తాడు. కాగితం పోయిన రోజు ఫైలు నంబరు చూద్దామంటే పాస్‌వర్డ్ అతనికే తెలియదు! ఖాతా మీ పేరుతో, మీ నంబరుతో తెరవమని గట్టిగా అడగండి. పక్కన కూర్చుని చూడండి. మొహమాటం ఎందుకు?

"పోలీసులొచ్చారట!"

పాత రికార్డు స్పష్టంగా ఉంటే సర్టిఫికెట్ త్వరగానే చేతికొస్తుంది. లేదంటే స్టేషను నుంచి విచారణకు వస్తారు. ఆడపిల్ల ఇంటికి పోలీసు వచ్చాడంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వస్తుంది. ఈ భయంతోనే రెండోసారి దరఖాస్తు పెట్టడానికి వెనకాడే ఇళ్లున్నాయి. "ఒకసారి వచ్చిపోయారు, మళ్లీనా?" అంటారు అత్తగారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన పేరు మీద మచ్చ లేదని రాసుకోవడానికి వస్తున్న మనిషి అతను! పక్కింటి పిన్నికి ముందే చెప్పిపెడితే గుసగుసలు సగం తగ్గుతాయి. ఈ విచారణకు విడిగా డబ్బు ఇవ్వాల్సిన పనీ లేదు.

చిక్కు వేరే చోట ఉంటుంది. పాస్‌పోర్టులో పుట్టింటి చిరునామా, ఉండేది అత్తగారింట. పుట్టింటికి వెళ్లిన పోలీసుకు "పెళ్లయి వెళ్లిపోయింది" అని తమ్ముడు చెబితే, మనిషి ఆ చిరునామాలో లేదని రాస్తారు. ఇప్పటి చిరునామా సరిగ్గా రాసి రుజువు పెట్టాల్సింది ఇందుకే. మరొకటి జిల్లా పేరు. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడింది. అంతకు ముందు తీసుకున్న పాస్‌పోర్టుల్లో యాలాల్, తాండూరు రంగారెడ్డి జిల్లాలోనే ఉంటాయి. ఆధార్‌లో ఒక జిల్లా, పాస్‌పోర్టులో ఇంకో జిల్లా ఉందని కంగారు పడకండి. కౌంటరులో ముందే చెప్పండి. ఫారంలో మాత్రం ఇప్పటి జిల్లా, ఇప్పటి పోలీసు స్టేషను రాయాలి.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. అన్న కాపురంలో గొడవలొచ్చి వదిన 498-ఏ కేసు పెట్టింది. (ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షన్.) అందులో ఆడపడుచు పేరూ రాశారు. తర్వాత రాజీ కుదిరింది, అందరూ మరిచిపోయారు. స్టేషను రికార్డు మరిచిపోకపోవచ్చు. కేసు ఇంకా నడుస్తుంటే సర్టిఫికెట్ ఆగుతుంది. వకీలుతో మాట్లాడి కోర్టు ద్వారానే దారి చూసుకోవాలి. కేసు కొట్టేసినా, నిర్దోషి అని తేలినా, లోక్ అదాలత్‌లో ముగిసినా ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసి దగ్గర పెట్టుకోండి. విచారణకు వచ్చిన వారికి అది చూపించాలి. వదిన వైపు, అంటే కేసు పెట్టిన మనిషికైతే అది నేరచరిత్ర కాదు. "కేసు పెడితే నీకూ పాస్‌పోర్టు రాదు" అని బెదిరించే వాళ్ల మాట నమ్మకండి.

గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు బ్రిటన్ వెళ్లే నర్సులకు మన దేశపు సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. గత 10 ఏళ్లలో 12 నెలలు, ఆ పైన ఉన్న ప్రతి దేశం నుంచీ ఆరోగ్య, విద్యా రంగాల వారిని ఇది అడుగుతారు. ఆ దేశపు కాగితం పోతే అక్కడి అధికారులకే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, తరచు వేలిముద్రలూ పంపాలి. మనది 500తో అయిపోతుంది గానీ అది అంత సులువు కాదు. అందుకే దాన్ని ఇంకా భద్రంగా చూసుకోవాలి. విదేశంలో ఉండగా మన సర్టిఫికెట్ పోతే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా అడగొచ్చు.

పోయిన కాగితం మీద అపోస్టిల్ ముద్ర వేయించి ఉంటే, కొత్త దాని మీద మళ్లీ వేయించాలి. ఆ రోజులు కూడా కలుపుకుని గడువు లెక్క వేసుకోండి. గడువు సరిపోదనిపిస్తే వీసా అధికారులకో, ఉద్యోగమిచ్చిన ఆసుపత్రికో ఇప్పుడే రాయండి. కొత్త దరఖాస్తు రసీదు జత చేయండి.

కొత్తది చేతికి రాగానే అక్కడే, పోస్టాఫీసు మెట్లు దిగకముందే ఫోనులో రెండు వైపులా ఫొటో తీసి మీ ఈమెయిలుకు పంపుకోండి. జిరాక్సు షాపు సంగతి ఆ తర్వాత. షాపులో అయితే యంత్రం మూత ఎత్తి మరీ చూసుకుని బయటికి రండి!