క్రింద మగ్గము, పైన కాపురము

చేనేత కుటుంబములలో ఇల్లు కట్టుకొను ఆలోచన వచ్చినప్పుడెల్ల ఒకే చిక్కు ఎదురగుచున్నది. ఉన్న స్థలము ఒకటిన్నర సెంటో, రెండు సెంట్లో. అందులోనే మగ్గము ఉండవలెను, అందులోనే కాపురము జరుగవలెను. మగ్గమునకు చోటు వదలినచో మనుష్యులు ఇరుకున పడుదురు. మనుష్యులకు గదులు కట్టినచో మగ్గము వసారాలోనికి, అటుపిమ్మట పెరటిలోనికి, తుదకు విడివిడి కర్రలై అటక మీదికి పోవును. అటక ఎక్కిన మగ్గము మరల క్రిందికి దిగిన ఇల్లు అరుదు.

ఈ చిక్కునకు ఒక మార్గము కలదు. నేల మీద స్తంభములు నిలిపి, క్రింది భాగమంతయు మగ్గముల సాలగా విడిచి, పైన కాపురమునకు మిద్దె వేసికొనుట. బరువంతయు స్తంభములే మోయును గనుక క్రింద అడ్డుగోడలు అక్కరలేదు. ఇది చెప్పుటకు సులభమే గాని, మగ్గము సంగతి ఎరుగని మేస్త్రీ చేతిలో పెట్టినచో ఇల్లు బాగుగనే ఉండును, మగ్గము మాత్రము ఆడదు. అందువలన సోదర కుటుంబములు ముందుగా తెలిసికొనవలసిన విషయములు కొన్ని వ్రాయుచున్నాను.

మన పూర్వుల పేటలు

ఈ చెన్నపట్నములోనే నేతపనివారి కొరకు పనిగట్టుకొని ఊళ్ళు కట్టించిన చరిత్ర ఉన్నది. గవర్నరు జోసెఫ్ కాలెట్ కాలములో, 1719 ప్రాంతమున, తిరువొత్తియూరు చెంత నేతవారికై వెలసిన పేటయే నేటి కాలడిపేట. ఆ పేరులో కాలెట్ దొర పేరే దాగియున్నది. 1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలమున, కూవం నది వంపులో ఉన్న సుంకురామ చెట్టి తోటను తీసికొని చింతాద్రిపేటను ఏర్పరచిరి. కంపెనీవారికి ఎగుమతికి బట్ట కావలెను. బట్ట కావలెనన్న నేయువారు, వడకువారు, అద్దకమువారు, చలువ చేయువారు ఒక్కచోట ఉండవలెను. చిన్న తరి పేట, అనగా చిన్న మగ్గముల పేట అను అరవమాట నుండియే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

నేడు చింతాద్రిపేటలో అంగళ్ళున్నవి, చేపల మార్కెట్టున్నది. మగ్గముల పేరు మాత్రమే మిగిలినది. పట్నము పెరిగి స్థలము ఖరీదైనకొలది, నేల మీద చోటు కావలసిన వృత్తులన్నియు తొలగిపోయినవి. మగ్గమునకు కావలసినది నేలయే. కాబట్టి నేలను మగ్గమునకు విడిచి మనము పైకి పోవుట వృత్తిని కాపాడుకొను ఉపాయములలో ఒకటి.

ఇతరులు చేసిన విధము

ఈ ఆలోచన క్రొత్తది కాదు. అస్సాములో బ్రహ్మపుత్ర ఒడ్డున మిసింగ్ జాతివారు వరదలకు భయపడి గుంజల మీద ఇళ్ళు కట్టుకొందురు. కాపురము పైన, పశువులు క్రింద. ఆ క్రింది నీడలోనే ఆడవారి మగ్గము ఉండును. ఫ్రాన్సు దేశమున లియోన్ నగరములో, 19వ శతాబ్దిలో, పట్టు నేతవారు క్రువా రూస్ అను మెట్టపై నివసించిరి. 1804 ప్రాంతమున జకార్డు కనిపెట్టిన యంత్రము వారి మగ్గములకు ఎక్కెను. దాని ఎత్తునకు సరిపడునట్లు వారి గదులు సుమారు 13 అడుగుల ఎత్తున కట్టబడెను. గదిలో ఒక మూల చెక్కలతో అటక వేసి కుటుంబము దాని మీద నిద్రించెడివారు. ఇద్దరి పద్ధతిలోను సారాంశము ఒకటే: ముందు మగ్గమునకు కొలత తీసి, ఆ పిమ్మట మనిషికి చోటు చూచిరి.

మగ్గమును పైన పెట్టరాదా?

మా సంఘ సభలో ఒక పెద్దాయన అడిగెను: "కార్యదర్శిగారూ, మగ్గాన్ని మిద్దె మీద పెట్టి మనం కింద ఉంటే పోదా? ముసలాళ్ళకు మెట్లెక్కే బాధ తప్పుతుంది గదా?" అడుగవలసిన ప్రశ్నయే.

గుంట మగ్గమునకు భూమియే ప్రాణము. పాతిన గుంజలు భూమిలో బిగిసియుండుటచే పన్నె కొట్టినప్పుడు మగ్గము కదలదు. గుంటలోని చల్లదనము, నేల తేమ నూలును మెత్తగా ఉంచును. ఎండిన నూలు పెళుసై పోగులు తెగును. పోగు తెగిన ప్రతిసారి పని ఆగును, కూలి తగ్గును. మే నెలలో మిద్దె పైకప్పు క్రింద, వేడి గచ్చు నేల మీద నూలు పడుగు ఎంత ఓర్చునో నేసినవారికి తెలియును. చట్రపు మగ్గమును పైన పెట్టవచ్చును గాని, దాని దెబ్బకు మిద్దె అదరును, క్రింద పడుకొన్నవారికి నిద్ర ఉండదు. కావున మగ్గము క్రిందనే ఉండవలెను. ముసలివారి సంగతి తరువాత చెప్పెదను.

కొలతలు

ఒక సెంటు స్థలము 435 చదరపు అడుగులు. 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు గల సాలకు 432 చదరపు అడుగులు అగును. అనగా రెండు మగ్గముల సాలకు ఒక్క సెంటు చాలును. వెడల్పున మూడు వరుసలు, పొడవున నాలుగేసి చొప్పున 12 స్తంభములు నిలుపవలెను. అప్పుడు వెడల్పున 9 అడుగులకు ఒకటి, పొడవున 8 అడుగులకు ఒకటి వచ్చును. స్తంభపు మందము పోగా సుమారు 8 అడుగుల ఖాళీ ఉండును గనుక చీరల మగ్గము నాడెపెట్టెలతో సహా ఇమిడిపోవును. నడిమి వరుస స్తంభములు రెండు మగ్గముల మధ్య వచ్చునే గాని ఏ పడుగుకును అడ్డురావు. పొడవున మగ్గము, దాని పడుగు 14 అడుగులు తీసికొన్నను, కండెలు చుట్టు రాట్నమునకు, నూలు పెట్టెకు 10 అడుగులు మిగులును.

సాదా మగ్గమునకు 10 అడుగుల ఎత్తు చాలును. జకార్డు పెట్టదలచినవారు, లేక రేపు పిల్లలు పెట్టుదురని తలచువారు, 12 అడుగులు వదలవలెను. మిద్దె వేసిన పిమ్మట ఎత్తు పెంచుట ఎవరి తరము కాదు. జకార్డును మిద్దె దూలమునకు వ్రేలాడదీయక దానికి వేరుగా చట్రము నిలుపవలెను.

పూర్వము సరుగుడు గుంజలు, తాడి దూలములు వాడెడివారు. ఒంటి సాలకు అవి చాలును గాని, మట్టిలో పాతిన సరుగుడు కొద్ది ఏండ్లలోనే చెదలకు, తేమకు లోనగును. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములందు రాతి స్తంభములు దొరకును. అవియు ఒంటి సాలకే మేలు. పైన కాపురముండు ఇంటికి ఇనుప కమ్మీలు వేసిన కాంక్రీటు స్తంభములే వేయవలెను. లెక్క ఇంజనీరుచే వేయించి, అనుమతి పొంది, పని ఆరంభించవలెను. తుపాను గాలి వచ్చు తీరము మనది.

గుంట, నీరు

అన్నిటికన్న ప్రమాదకరమైనది ఇదియే. మగ్గపు గుంట రెండున్నర నుండి మూడు అడుగుల లోతు ఉండును. ఇల్లు పూర్తియైన పిమ్మట స్తంభము ప్రక్కనే గుంట త్రవ్వినచో పునాది చెంత మట్టి వదులై స్తంభము క్రుంగవచ్చును. కావున ముందుగనే గుంటల చోటు నిర్ణయించి, నాలుగు స్తంభముల నడుమ గడి మధ్యలో గుంట వచ్చునట్లు చూడవలెను. పునాది అడుగు గుంట అడుగుకన్న లోతుగా ఉండవలెను. గుంట గోడలను ఇటుకతో కట్టవలెను.

వానకాలమున గుంటలలో నీరూరి వారముల తరబడి పని పోవుట మంగళగిరి, చీరాల నేతవారికిని, ఇక్కడి మనకును తెలిసిన కష్టమే. 2015 డిసెంబరు మొదటి దినములలోను, 2023 డిసెంబరు తుపానులోను ఈ పట్నము మునిగిన తీరు చూచితిమి. దీనికి తగిన ఉపాయము అరుగు ఎత్తు పెంచుట. వీధికన్న మూడు అడుగుల ఎత్తున మట్టి పోసి, దిమ్మిసతో బిగియగొట్టి సాల నేల వేసినచో, మూడు అడుగుల గుంట అడుగు కూడ వీధి మట్టముననే ఉండును. రోడ్డు వేసినప్పుడెల్ల వీధి కొంత పైకి లేచును గనుక ఇంకొక అర అడుగు కలుపుకొనుట మంచిది. మగ్గము చుట్టు గచ్చు వేయక మట్టి నేలనే ఉంచవలెను. తేమ కావలసినది అక్కడనే.

వెలుతురు కొరకు ఉత్తరపు ప్రక్క పెద్ద కిటికీలు పెట్టవలెను. ఉత్తరపు వెలుగు రోజంతయు ఒకే తీరుగా ఉండి రంగుల తేడా స్పష్టముగా చూపును. అయితే మనకు వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్యము నుండియే వచ్చును. కాబట్టి ఆ ప్రక్క మూడడుగుల చూరు దింపక తప్పదు.

పైన కాపురము

వంటయిల్లు, స్నానపు గది మగ్గము నెత్తిన రాకూడదు. ఎంత మంచి మేస్త్రీ కట్టినను ఏదో ఒకనాడు నీరు కారును. సగము నేసిన పట్టుచీర మీద పడిన చుక్క నెల కష్టమును పాడుచేయును. ఈ రెండింటిని మెట్లున్న కొసన, రాట్నము, దారి ఉన్న భాగము మీద పెట్టుకొనవలెను. మెట్లు బయటనే ఉండవలెను. అప్పుడు వచ్చిపోవువారి కాళ్ళ మన్ను సాలలోనికి రాదు, నూలు ధూళి బిడ్డల పక్కలోనికి పోదు. నిప్పు పైన, నూలు క్రింద ఉండుటయు ఒక రక్షణయే.

అయితే ఇందు ఒక లోపము కలదు. మగవారు గీసిన పటములలో అది కనబడదు. 2019-20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనిచేయువారు 35 లక్షలకు పైగా ఉండగా, వారిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. ఇంటి ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి కండెలు చుట్టును, బిడ్డను జోకొట్టుచు పోగులు అతుకును. ఒకే కప్పు క్రింద సాగిన ఈ పని, క్రింద ఒకటి పైన ఒకటి అయినచో ఆమెకు రోజునకు నలుబది మార్లు మెట్లెక్కి దిగుటగా మారును. అందువలన పైన వంటయింటి ప్రక్కనే రాట్నమునకు వెలుతురు గల వసారా ఒకటి తప్పక ఉండవలెను. కండెలను గంపలో పెట్టి త్రాటితో క్రిందికి దింపుకొనుటకు ఒక సందు విడిచినచో ఇంకను మేలు.

ముసలివారికి క్రిందనే, మెట్ల చెంత, మంచము పట్టు చిన్న గది ఒకటి కట్టవలెను. జీవితమంతయు మగ్గము సవ్వడి విన్నవారికి అది బాధ కాదు. పడుగు ఎక్కించునప్పుడు వారి సలహా కూడ చేతికందును.

బాడుగ ఆశ

ఇక చెప్పక తప్పని మాట ఒకటి. వీధి మొగమున స్తంభములతో విశాలమైన సాల కట్టగానే, దానిని కొట్టునకో బండ్లు నిలుపుటకో అడుగువారు వత్తురు. పట్నములో వారిచ్చు బాడుగ మగ్గపు కూలికన్న ఎక్కువ కావచ్చును. ఇంట్లో అప్పులున్నవారిని తప్పుపట్టి లాభము లేదు. స్తంభముల ఇంటిలో గోడలు బరువు మోయవు గనుక వాటిని తీయవచ్చును, పెట్టవచ్చును. కావున అవసరమైనచో ముందరి గడి ఒక్కటే బాడుగకిచ్చి, మధ్య తడిక కట్టి, వెనుకటి గడులలో మగ్గము ఉంచుకొనవలెను. గుంటను మాత్రము పూడ్చవద్దు. మగ్గము కొన్నాళ్ళు ఆడకపోయినచో గుంట మీద పలకలు పరచియుంచవచ్చును. పూడ్చి గచ్చు చేసినచో మరల త్రవ్వువారు ఉండరు.

సంఘముల పని

1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు స్థాపించిన సహకార సంఘము నూలు, కూలి, అమ్మకములతో ఆగక సభ్యుల గృహముల సంగతి కూడ పట్టించుకొన్నది. కేంద్ర ప్రభుత్వము 1985-86లో నేతవారికి పనిసాల, గృహము కలిపి కట్టించు పథకము ప్రారంభించెను. 2021-22 నుండి 2025-26 వరకు నడుపుటకు నిర్దేశించిన జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమమున ఒక్కొక్క పనిసాలకు 1,20,000 రూపాయల లెక్క వేసిరి. ఆ మొత్తము సాలకే గాని పై మిద్దెకు చాలదు. కావున స్తంభములు, పునాది రెండు అంతస్తులకు తగినట్లు మొదటనే వేసి, ఇప్పటికి రేకు కప్పి మగ్గము ఆడించి, చేతిలో పైకము కూడిన పిమ్మట పైన కట్టుకొనుట మధ్యతరగతి నేతవానికి తగిన త్రోవ. అర్జీ వేయు ముందు పట్టా ఎవరి పేర ఉన్నదో చూచుకొనవలెను. తాతగారి పేరనే ఉండిపోయిన స్థలములకు సహాయము అందుట కష్టము.

తుదకొక చిన్న పని. కూలివానిని పిలుచుటకు ముందు, స్థలము మీద సున్నముతో 12 స్తంభములకు గుర్తులు పెట్టి, గుంటలు, పడుగు పొడవు, మెట్లు అన్నియు అసలు కొలతలతో గీయవలెను. ఇంటివారందరు, ముఖ్యముగా ఆడవారు, ఒక పూట ఆ గీతల నడుమ పని చేయునట్లు తిరిగి చూడవలెను. కాలికి తగులు చోటు అప్పుడే తెలియును. సున్నపు గీత చెరుపుటకు చెంబెడు నీళ్ళు చాలును.