కదిలించేది రాగమా, దేవుడా?

వారమంతా ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం మాత్రం చర్చిలో కీబోర్డు వాయించే ఒక యువకుడు ఈమధ్య మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. సంగీతం అతని వృత్తి కాదు, సరదాగా నేర్చుకున్న విద్య. కొంతకాలంగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద మక్కువ పెరిగి పేరున్న క్రైస్తవ కృతులన్నీ ఒక్కొక్కటిగా వింటూ, వాటిని రాసినవారి జీవితాలు కూడా చదవడం మొదలుపెట్టాడు. అక్కడే అతనికి చిక్కు వచ్చిపడింది. ‘‘అన్నా, నన్ను ఏడిపించిన పాటలు రాసినవాళ్లలో కొందరికి దేవుని మీద నమ్మకమే లేదట. మరి ఆదివారం ఆరాధనలో నా కళ్లు చెమర్చేది విశ్వాసం వల్లా, వట్టి సంగీతం వల్లా?’’ అన్నాడు.

ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. పాటలు బాగా కుదిరిన రోజున ‘దేవుని సన్నిధి బలంగా ఉంది’ అంటాం. మైకు మొరాయించి, తబలా శ్రుతి తప్పిన రోజున ‘ఇవాళ ఏదో వెలితిగా ఉంది’ అనుకుంటూ ఇంటికెళతాం. దేవుని సన్నిధి మైకు మీదా, తబలా మీదా ఆధారపడి ఉంటుందా? ఆ యువకుడి ప్రశ్న మనందరిదీ.

నమ్మకం లేని చేతులు

అతను చదివింది నిజమే. జర్మనీకి చెందిన యోహానెస్ బ్రామ్స్ ‘జర్మన్ రెక్వియమ్’ అనే గొప్ప కృతి రాశాడు. దుఃఖపడేవారిని ఓదార్చే వాక్యాలను లూథర్ అనువదించిన బైబిలులో నుంచి తానే ఏరి కూర్చుకున్నాడు. 1868 గుడ్‌ఫ్రైడే నాడు బ్రెమెన్ కెథడ్రల్‌లో దాన్ని పాడించడానికి ఏర్పాట్లు జరుగుతుండగా, అక్కడి సంగీత నిర్వాహకుడు కార్ల్ రైంతాలర్‌కు ఒక లోటు కనిపించింది. ఇంత వాక్యం ఉన్నా క్రీస్తు మరణం ద్వారా కలిగే విమోచన మాట ఎక్కడా లేదేమని ఆయన బ్రామ్స్‌కు ఉత్తరం రాశాడు. యోహాను 3:16 లాంటి వాక్యాలను తాను తెలిసే విడిచిపెట్టానని బ్రామ్స్ జవాబిచ్చాడు. ఆ రోజు ప్రదర్శనలో మాత్రం విమోచకుడు సజీవుడని చాటే పాటను హాండెల్ రాసిన ‘మెస్సయా’ నుంచి తెచ్చి చేర్చారు.

ఇటలీకి చెందిన వెర్డి 1874లో మిలాన్‌లో వినిపించిన ‘రెక్వియమ్’లో తీర్పు దినపు భయం విన్నవారిని వణికిస్తుంది. కానీ వెర్డి విశ్వాసం అంతంతమాత్రమేనని ఆయన భార్యే ఒక ఉత్తరంలో రాసుకుంది. 1906లో వెలువడిన ‘ఇంగ్లిష్ హిమ్నల్’కు సంగీత సంపాదకుడైన రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఒక పాదిరిగారి కుమారుడు. అయినా దేవుడున్నాడో లేడో చెప్పలేననే వారి కోవలోనే ఉండిపోయాడు. ఆయన కూర్చిన రాగాల్లో లక్షలాది విశ్వాసులు నేటికీ దేవుణ్ణి స్తుతిస్తున్నారు.

దీనికి మనం ఆశ్చర్యపోవలసిన పని లేదు. బైబిలులో వాద్యాలు వాయించేవారికి మూలపురుషుడైన యూబాలు దైవభక్తుల వంశంవాడు కాదు, తమ్ముణ్ణి చంపిన కయీను వంశంవాడు (ఆది 4:21). నీతిమంతుల పొలం మీదా, అనీతిమంతుల పొలం మీదా ఒకే వాన కురిపించే పరలోకపు తండ్రి (మత్త 5:45) సంగీత వరాన్ని కూడా అంతే ధారాళంగా పంచాడు. అందుకే రాగం ఎంత గొప్పదైనా, దాన్ని కట్టినవాడి విశ్వాసానికి అది రుజువు కాదు. విని కన్నీరు పెట్టుకున్నవాడి విశ్వాసానికి కూడా కాదు.

సౌలు విన్న సితారా

ఈ మాట కఠినంగా అనిపిస్తే సౌలు రాజును చూడండి. దురాత్మ వేధించినప్పుడల్లా దావీదు సితారా వాయించేవాడు, సౌలు సేదదీరి బాగయ్యేవాడు (1 సమూ 16:23). సంగీతానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? కానీ రెండు అధ్యాయాలు దాటి చదవండి. అదే దావీదు ఎప్పటిలాగే వాయిస్తున్నాడు, అదే సౌలు వింటున్నాడు, కానీ ఈసారి రాజు చేతిలో ఈటె ఉంది. గోడకు గుచ్చేయాలని దావీదు మీదికే విసిరాడు (1 సమూ 18:10,11). వాయించినవాడు దేవుని చిత్తానుసారుడు. వాద్యంలో లోపం లేదు. సౌలు మనస్సు నెమ్మది పొందింది గానీ మారలేదు. ఉపశమనం వేరు, మారుమనస్సు వేరు.

యెహెజ్కేలుకూ ఇదే అనుభవం ఎదురైంది. జనం అతని మాటలను మంచి గాయకుడి పాటలా ఆనందంగా విన్నారు గానీ ఒక్కటీ ఆచరించలేదని దేవుడే అతనికి చెప్పాడు (యెహె 33:32). బోధే పాటలా చెవిలో పడి ఆగిపోగలిగితే, పాట సంగతి చెప్పాలా!

నాలుగో శతాబ్దంలో మిలాన్ సంఘంలో కీర్తనలు వింటూ ఏడ్చిన అగస్టీను తర్వాత బిషప్ అయ్యాక ఇదే ప్రశ్నతో సతమతమయ్యాడు. పాటలోని సత్యం కన్నా పాడే గొంతే తనను ఎక్కువగా కదిలించిన సందర్భాలను ఆయన పాపంగా ఎంచి దేవుని ముందు ఒప్పుకున్నాడు. అయినా సంఘంలో పాట వద్దనలేదు. బలహీనుల మనస్సును దేవుని వైపు లేపడానికి అది ఉపయోగపడుతుందని నిర్ణయించుకున్నాడు.

మన ప్రొటెస్టెంటు పితరులు కూడా ఈ విషయంలో ఒకే మాట మీద లేరు. జూరిక్‌లో జ్వింగ్లీ ఎన్నో వాద్యాలు వాయించగల దిట్ట. అయినా ఆరాధనలో సంగీతాన్నే ఆపించాడు, అక్కడి ఆర్గన్లను తొలగించారు. లూట్ వాయించే మార్టిన్ లూథర్ మాత్రం వేదాంతం తర్వాతి స్థానం సంగీతానికే ఇచ్చి, సామాన్య విశ్వాసులు తమ భాషలో పాడుకునే కీర్తనలు రాశాడు. జ్వింగ్లీ భయం అర్థం లేనిది కాదు. కానీ వరం దారి తప్పుతుందని పారేసుకోవడం కన్నా, ఇచ్చినవాడి చేతికి అప్పగించడం మేలు. లూథర్ మార్గంలో ఆ పని చేసి చూపినవాడు యోహాన్ సెబాస్టియన్ బాక్.

బైబిలు అంచుల్లో బాక్

1934లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఫ్రాంకెన్‌మూత్‌లో, జర్మనీ నుంచి వలసవచ్చిన ఒక కుటుంబం ఇంట్లో పాత జర్మన్ బైబిలు బయటపడింది. అబ్రాహాము కాలోవ్ వ్యాఖ్యానంతో ఉన్న ఆ మూడు సంపుటాల బైబిలులో బాక్ సంతకం, 1733 అనే సంవత్సరం ఉన్నాయి. అది ఇప్పుడు సెయింట్ లూయిస్‌లోని కాంకార్డియా సెమినరీలో ఉంది. బాక్ దాన్ని అలమరలో అలంకారంగా పెట్టుకోలేదు. గీతలు గీశాడు, అచ్చు తప్పులు దిద్దాడు, అంచుల్లో తన మాటలు రాసుకున్నాడు. సొలొమోను మందిరంలో గాయకులు, బూరలు ఊదేవారు ఏకస్వరంతో స్తుతించగా మేఘం మందిరాన్ని నింపిన ఘట్టం దగ్గర (2 దిన 5:13), భక్తితో కూడిన సంగీతం ఉన్నచోట దేవుడు తన కృపతో ఎల్లప్పుడూ ఉంటాడన్న భావం రాసి పెట్టుకున్నాడు.

ఆ మాట సుఖాల్లో మునిగి తేలినవాడు రాసింది కాదు. బాక్ పదేళ్లకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. 1717లో ఉద్యోగం విడిచిపెడతానని పట్టుబట్టినందుకు వైమార్ ప్రభువు అతణ్ణి దాదాపు నెల రోజులు చెరసాలలో పెట్టించాడు. 1720లో యజమాని వెంట కార్ల్స్‌బాడ్ వెళ్లి తిరిగి వచ్చేసరికి భార్య మరియా బార్బరా చనిపోయింది, సమాధి కార్యక్రమం కూడా ముగిసిపోయింది. రెండు వివాహాల్లో కలిగిన 20 మంది బిడ్డల్లో పెద్దవాళ్లయింది 10 మందే. లైప్‌జిగ్‌లో అధికారులతో తగవులు తప్పలేదు, డబ్బు ఇబ్బందులూ తప్పలేదు. ఊళ్లో గాలి ఆరోగ్యంగా ఉండి మరణాలు తగ్గడంతో సమాధి పాటలకొచ్చే రాబడి పడిపోయిందని 1730లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. చదివితే నవ్వొస్తుంది గానీ, ఇంటి ఖర్చుల లెక్కలు వేసుకునే మామూలు మనిషేనని తెలుస్తుంది.

ఆ మామూలు మనిషే ఎన్నో సంగీత ప్రతుల మొదట ‘యేసూ, సహాయం చేయుము’ అనే అర్థమిచ్చే రెండక్షరాలు, చివర ‘దేవునికే మహిమ’ అనే అర్థమిచ్చే మూడక్షరాలు రాసేవాడు. 1720లో తొమ్మిదేళ్ల కొడుకు కోసం కీబోర్డు పాఠాల పుస్తకం మొదలుపెట్టినప్పుడు, ఏ స్వరానికి ఏ వేలు వాడాలో నేర్పే పాఠం నెత్తిన ‘యేసు నామంలో’ అనే అర్థమిచ్చే అక్షరాలు పెట్టాడు. అది వేదిక మీద వినిపించే మహాకృతి కాదు, పిల్లవాడి వేళ్లు తిరగడానికి రాసిన అభ్యాసం. దాన్ని కూడా ప్రభువు పేరు మీదే మొదలుపెట్టాడు.

1733 డిసెంబరులో ఒక రాణి పుట్టినరోజుకు బాక్ ఒక బృందగానం కట్టాడు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కు అదే సంగీతానికి వేరే మాటలు పెట్టి క్రీస్తు జననాన్ని కీర్తించాడు. రాణిని పొగిడిన స్వరాలే రారాజును స్తుతించాయి. స్వరాలకు వాటంతట అవే పరిశుద్ధత రాలేదు. ఎవరికి అర్పించారు, ఏ సత్యాన్ని పాడారు అన్నదే తేడా.

తెరుచుకున్న చెరసాల తలుపులు

హాండెల్ 1741లో సుమారు మూడు వారాల్లో ‘మెస్సయా’ రాశాడన్నది చాలామందికి తెలుసు. కానీ 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో దాన్ని మొదటిసారి వినిపించినప్పుడు వచ్చిన సొమ్ము ఎక్కడికి వెళ్లిందన్నది అంతగా తెలియదు. రెండు ఆసుపత్రులకు, అప్పు తీర్చలేక జైలు పాలైనవారి విడుదలకు దాన్ని పంచారు. అలా 142 మంది ఖైదీలు ఇళ్లకు చేరారు. ఆ తర్వాత ఏళ్లలో లండన్‌లో అనాథ శిశువుల ఆశ్రమం కోసం హాండెల్ మళ్లీ మళ్లీ దాన్ని వినిపించాడు. నీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయి, న్యాయాన్ని నీళ్లలా పారనియ్యి అని దేవుడు ఆమోసు నోట పలికించిన సంగతి (ఆమో 5:23,24) మనకు తెలుసు. ఆ రోజు డబ్లిన్‌లో పాటా, న్యాయమూ కలిసి పారాయి.

మన తెలుగు సంఘాల్లోనూ ఈ వారసత్వం ఉంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు ఈ నేల మీది రాగతాళాలనే తెచ్చి క్రీస్తు పాదాల చెంత పెట్టారు. ఆ కీర్తనలు మన ముత్తాతల కాలం నుంచి పెళ్లిళ్లలోనూ, సమాధుల తోటలోనూ మనతో నడుస్తున్నాయి.

ఇక ఆ యువకుడి ప్రశ్నకు మా జవాబు ఇది. ఆరాధనలో కన్నీళ్లు వస్తే సిగ్గుపడవద్దు, వాటినే విశ్వాసం అనుకోవద్దు. కన్నీరు సంగీతం వల్ల వచ్చిందో, ప్రభువు వల్ల వచ్చిందో ఆ క్షణంలో మనకే తెలియకపోవచ్చు. కానీ సోమవారం తెలిసిపోతుంది. ఆదివారం పాడిన క్షమాపణ సోమవారం తోటి ఉద్యోగి దాకా వెళ్లిందా? సిలువను గూర్చి గొంతెత్తి పాడిన నోరు ఇంట్లో భార్యతో, తల్లితో మెత్తగా మాట్లాడిందా? వాద్యం లేని రోజున, కరెంటు లేని రాత్రి, ఆసుపత్రి వరండాలో కూడా ఆ పాట మన లోపల మిగిలిందా?

పౌలు, సీలలకు ఫిలిప్పీ చెరసాలలో వాద్యకారులు లేరు. కాళ్లకు బొండ, వీపు మీద దెబ్బలు, అర్ధరాత్రి చీకటి. అయినా పాడారు, ఖైదీలు విన్నారు (అపొ 16:25). వాళ్ల పాట ఏ రాగంలో ఉందో లేఖనం చెప్పలేదు. ఎవరికి పాడారో మాత్రం చెప్పింది. ఈ ఆదివారం కీబోర్డు మీద వేళ్లు పెట్టే ముందు, పాటల పుస్తకం తెరిచే ముందు, మనమూ బాక్‌లాగే ‘యేసూ, సహాయం చేయుము’ అని మనస్సులో అనుకుందాం. పాట ముగిశాక మహిమ దేవునికే విడిచిపెట్టి, ఆ పాటలోని మాటను బతకడానికి ఇంటికి వెళదాం.