మరులుపులి: ఒక కల్పిత హింస్రమృగము యొక్క స్వరూపస్వభావములు

గండభేరుండము, శరభము, యాళి మున్నగు కల్పితమృగములను గూర్చి మన పండితులు చాలినంత వ్రాసియున్నారు. అచ్యుతదేవరాయల నాణెములపై గండభేరుండము ఏనుగులను పట్టుకొని యుండును. చూచుటకు వింతయే గాని దానివలన ఎవ్వరికిని ప్రాణహాని కలిగినట్లు వినము. నాణెమునకును శిలాస్తంభమునకును ఎక్కని కల్పితమృగ మొకటి గోదావరి మన్యమున కలదు. దాని పేరు మరులుపులి. దాని నిమిత్తమున ఒక స్త్రీ హత్యకు గురియయ్యెను. ఒక పురుషుడు చెఱసాలకు పోయెను. కావున జంతుశాస్త్రజ్ఞుడు ఒక జాతిని వర్ణించునట్లు దానిని అవయవక్రమమున పరిశీలించుట నిష్ప్రయోజనము కాదని తలంతును.

ప్రధానాధారము ఎడ్గార్ థర్స్టన్ 1912లో ప్రకటించిన, దక్షిణభారతమందలి శకునములను మూఢవిశ్వాసములను గూర్చిన ఆంగ్లగ్రంథము. ఒక దేశీయ రెవిన్యూ ఉద్యోగి కోయగ్రామమునకు పోయినపుడు విన్న కథను ఆయన అందు పొందుపఱచెను. దాని సారాంశ మిది. చెడిపె యనబడు స్త్రీ రాత్రివేళ పులినెక్కి ఏడూళ్ళ పొలిమేరలు తిరిగి వేకువకు ఇల్లు చేరును. తనకు గిట్టనివాని యింటి మూసిన తలుపులు ఆమె రాకకు తామే తెఱచుకొనును. మేల్కొనియున్నవారు ఒడలెఱుగక పడిపోదురు. ఆమె నిద్రించువాని కాలివ్రేలిని నోట నుంచుకొని నెత్తురు పీల్చును. మఱునాడు వాడు గంజాయి త్రాగినవానివలె మత్తుగొని యుండును. తగిన చికిత్స జరిగినచో పదిదినములలో కోలుకొనును. జరుగనిచో ఆమె మఱల మఱల వచ్చుటచే చిక్కి చిక్కి చచ్చును. అడవిలోనైతే పొదచాటున వలువలు విడిచి పులియై బాటసారిపై దూకును. అప్పుడు నాలుగు కాళ్ళలో ఒకటి మాత్రము మనుష్యుని కాలుగనే నిలిచియుండును. ఈ రూపమునకే మరులుపులి యని పేరు. ధైర్యశాలి ఆయుధముతో తిరుగబడినచో పాఱిపోవును. ఆమె ఊరివాడే చూచి గుఱుతించినచో నిజరూపము దాల్చి, దుంపలు త్రవ్వుకొనుచున్నానని మెల్లగా బదులు చెప్పును.

మొదట పేరును విచారింతము. ‘మరులు’ అనగా తెలుగున మోహము, భ్రాంతి. కన్నడమున ‘మరుళ్’ అనునది పిచ్చికిని పిశాచమునకును కూడ చెల్లును. మరులుతీగ త్రొక్కినవాడు దారి తప్పి తిరిగినచోటనే తిరుగునను మాట ఆబాలగోపాలము ఎఱిగినదే. థర్స్టన్ ఈ పేరునకు మంత్రముగ్ధులను చేయు పులి యని అర్థము చెప్పెను గాని, చూచువానికి భ్రాంతి గొలుపు పులి యనుటయే నాకు సమంజసముగ తోచుచున్నది. వాజసనేయసంహిత ముప్పదవ యధ్యాయమున ‘పురుషవ్యాఘ్ర’ శబ్దము కలదు. తరువాతి వైయాకరణులకు అది ఉపమితసమాసము; అనగా పులివంటి పురుషుడు. అందు పురుషుడు చెడడు, పులి పోలికకే వచ్చును. మరులుపులియందు పోలిక పోయి రెండు దేహములును ఒకటైనవి. భేదమును తెలుపుటకు ఒక్క కాలు మిగిలినది.

ఇక జంతువు. ఏడూళ్ళ పొలిమేరలు తిరుగుట వట్టి యతిశయోక్తి కాదు. పెద్దపులి ఒక్క రాత్రిలో పదునైదు కిలోమీటరులకు పైగా నడువగలదు. దాని యేలుబడిలో పెక్కు పల్లెలు ఇముడును. తెల్లవాఱిన పిమ్మట ఊరూర అడుగుజాడలు చూచినవారికి ఎవరో సవారి చేసినట్లు తోచుట వింతగాదు. మనుష్యపాదమును గూర్చి మాత్రము పులి సహాయపడదు. పులి వ్రేళ్ళపై నడచును. దాని వెనుకకాలి జాడలో నాలుగు వ్రేళ్ళే కనబడును. తూర్పుకనుమలలో అరికాలు పూర్తిగా మోపి నడచు మృగము ఎలుగుబంటి. దాని వెనుకపాదపు జాడ ఐదు వ్రేళ్ళతో మనుష్యపాదమును మిక్కిలి పోలియుండును. పులి నడచిన త్రోవనే ఎలుగు నడచినచో మెత్తని నేలపై మరులుపులి తనంతట తానే వెలయును! పుట్టలను త్రవ్వుటయు, దుంపలు పెల్లగించుటయు ఎలుగునకు సహజము. ఇది నా యూహ మాత్రమే.

నెత్తురు పీల్చుటకు వత్తము. నెత్తురు త్రాగు గబ్బిలములు అమెరికా ఖండములందే గాని మన దేశమున లేవు. ఐనను మూసిన తలుపుల సందున రాత్రివేళ వచ్చి నిద్రించువాని నెత్తురు పీల్చునట్టిది మన్యమున నిజముగనే కలదు. 1897 ఆగష్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దాని కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మఱునాటి మత్తు, చికిత్స లేనిచో రోగము తిరుగబెట్టుట, క్రమముగ చిక్కిపోవుట, ఇవి మన్యపుజ్వరమునకు ఎంత దగ్గఱగ నున్నవో చదువరులే గ్రహింపగలరు. రోగలక్షణములను కోయలు చక్కగనే కనిపెట్టిరి. దోమకు బదులు పొరుగింటి స్త్రీని పట్టుకొనిరి.

ఈ మలుపు ఎట్లు సంభవించునో ఖోందుల విశ్వాసము కొంత తెలుపును. మాక్ఫర్సన్ దొరగారి రచనల సంపుటము 1865లో వెలువడినది. దానినిబట్టి ఖోందులు సహజమైన పులిని మిత్రముగ నెంతురు. అది వేటాడి సగము తిని విడిచిన మాంసము మనుష్యులకు దక్కును గదా. మనుష్యుని చంపిన పులి మాత్రము పులి కాదు: అది కోపించిన తారిదేవతయో, పులిరూపము దాల్చిన మానవుడో కావలెను. అనగా మృగమును నిర్దోషిగ నిలుపుటకై దోషమును ఊరిలోనికి తెచ్చుకొనిరి. పులి నరమాంసమునకు దిగుట గాయముచేతనో వార్ధక్యముచేతనో అని జిమ్ కార్బెట్ 1944లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఆ సమాధానమున పొరుగువారికి చోటులేదు.

మరులుపులి లక్షణములన్నిటిలో నన్ను మిక్కిలి కలవరపఱచినది పంజా కాదు, కోఱ కాదు, ఆ తుదిమాట: దుంపలు త్రవ్వుకొనుచున్నాను. గింజలు నిండుకొనిన మాసములలో మన్యపు స్త్రీలు తవ్వుకోల చేతబట్టి అడవి పెండలపు దుంపలకై పోవుట నిత్యకృత్యము. కొండరెడ్లను గూర్చి హైమెండార్ఫ్ 1945లో ప్రకటించిన గ్రంథమున ఈ జీవనవిధానము విపులముగ కలదు. దుంప లోతుగ నుండును. త్రవ్వువారు పొదలలో వంగి, చేతులు నేల మోపి, మోకాళ్ళపై చాలసేపు ఉండవలెను. దూరమునుండి చూచువానికి ఆకులనడుమ వంగిన వీపును, ఒక కాలును కనబడును. ఏమి చేయుచున్నావని యడిగినచో ఆమె నిజమే చెప్పును. కథ ఆ నిజమును ముందుగనే అబద్ధముల పట్టికలో చేర్చి యుంచినది. మెల్లగా చెప్పినను దోషమే. కేకవేసి చెప్పియుండినచో దానికిని ఏదో లక్షణము కల్పింపబడియుండును. లోకమున ఏ జంతువును గుఱుతించుటకును ఇట్టి లక్షణము చెప్పబడదు. కాదని చూపుటకు వీలులేని లక్షణము జంతువుది కాదు, అభియోగముది.

గోదావరి మన్యమునకు తోబుట్టువువంటి విశాఖ మన్యమునకు నర్సీపట్నము ద్వారము. ఇచటినుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కు త్రోవలో ‘చిల్లంగి’ యను మాట నేటికిని వినవచ్చును. అది పులిని విడిచిన చెడిపెయే. చిల్లంగి నెపమున జరిగిన హత్యల వార్తలు ఈ ప్రాంతమునుండి ఇప్పటికిని వచ్చుచున్నవి. పొరుగున ఒడిషా రాష్ట్రము 2013లో ఇట్టి అభియోగములను నిరోధించుటకు ప్రత్యేకశాసనమే చేసికొనవలసి వచ్చెను.

రెవిన్యూ ఉద్యోగికి ఆ కోయగ్రామమున ఈ కథ తెలిసిన సందర్భమును థర్స్టన్ కడపట రెండు మాటలలో చెప్పి విడిచెను. మంత్రగత్తె యని ఒక చెడిపెను చంపిన గుంపులో నొకడు పెక్కేండ్ల కారాగారశిక్ష పొందియుండెను. శిక్షను గూర్చి వ్రాసిన గ్రంథకర్త చచ్చిన స్త్రీ పేరు వ్రాయలేదు.