మూలప్రతి లేని గ్రంథం

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితునికి కవి స్వహస్తంతో వ్రాసిన ప్రతి లభించడం అరుదు. లేఖకుల ప్రతులను సరిపోల్చి, మూలపాఠం ఏదై ఉంటుందో ఆయన నిర్ణయిస్తాడు. కోట్ల సంవత్సరాల క్రితం అంతరించిన జీవి జీనోమును పునర్నిర్మించడం కూడ ఇటువంటి పనియే. నేటి జీవులు ఆ మూలానికి ప్రతులు. ప్రోటీనులను పోల్చి పూర్వరూపాలను ఊహించవచ్చునని రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్, ఎమిల్ జుకర్‌కాండ్ల్ 1963లోనే సూచించారు.

ప్రతులలో అక్షరాలు మారినట్లే ఆకులు కూడ తారుమారు కావచ్చును. క్రోమోజోములోనూ అంతే. ఒక ముక్క తెగి, తిరగబడి మరల అతుక్కొంటుంది. దీనిని విలోమం అందాము. 1, 2, 3, 4 అనే జన్యువులలో నడిమి రెండూ తిరగబడితే 1, −3, −2, 4 అవుతుంది. ఋణచిహ్నం దిశ మారినదని తెలుపుతుంది.

మూడు జీవుల వరుసలు తెలిస్తే, మూడింటికీ కలిపి అతి తక్కువ విలోమాల దూరంలో ఉన్న వరుసను పూర్వీకునిదిగా భావిస్తారు. కాని పది జన్యువులనే దిశతో సహా 371 కోట్లకు పైగా విధాలుగా అమర్చవచ్చును! రెండు వరుసల మధ్య దూరాన్ని త్వరగా లెక్కించే మార్గాన్ని శ్రీధర్ హన్నెన్‌హల్లి, పావెల్ పెవ్జ్‌నర్ 1995లో చూపారు. మూడు వరుసల సమస్యకు అంతటి సులభమార్గం లేదు.

అందుచేత కంప్యూటరు అన్నిటినీ వెదకదు. వెదకనక్కరలేని వాటిని ముందుగా తోసివేస్తుంది. మూడు జీవుల మధ్య దూరాలు 4, 6, 8 అనుకొందాము. పూర్వీకుని నుండి వాటికి గల దూరాల మొత్తం ఈ కూడికలో సగానికి, అనగా 9కి, తగ్గడానికి వీలులేదు. 9 వచ్చే వరుస దొరికితే అన్వేషణ ముగిసినట్లే. 11 వచ్చే వరుస చేతిలో ఉంటే, ఎంత మెరుగుపరచినా 11కు తగ్గని దారులను చూడకుండనే విడిచిపెట్టవచ్చును.

డి.ఎన్.ఎ. అక్షరాలను సైతం పునర్నిర్మించవచ్చును. మానవునికి, ఎలుకకు ఉమ్మడి పూర్వీకమైన స్తన్యజీవి జీనోములో సుమారు 11 లక్షల అక్షరాల భాగాన్ని బ్లాంచెట్, హౌస్లర్ ప్రభృతులు 2004లో కూర్చారు. మూలప్రతి లేదు కనుక, కంప్యూటరులో కృత్రిమంగా పరిణమింపజేసిన వరుసలపై తమ పద్ధతిని పరీక్షించి, 98 శాతం సరియై ఉంటుందని అంచనా వేశారు.

అయినను ప్రకృతి అతి దగ్గరి దారిలోనే నడచినదన్న హామీ లేదు. సంతతి అంతయు పోగొట్టుకొన్న దానిని ఏ గణనమూ తిరిగి తేలేదు. ఒక్క శాఖలోనైనా మిగిలిన దానికే ఆశ.

ఒకమారు మా వంశవృక్షం వ్రాయబోయి, గుంటూరు నుండి హ్యూస్టన్ వరకు బంధువులందరినీ అడిగాను. మా తాతగారి నాయనమ్మ పేరు ఏ శాఖలోనూ మిగలలేదు. పాఠకులారా, మీ పెద్దలను ఇప్పుడే అడిగి వ్రాసిపెట్టుకొనండి.