అలోన్ వేరు, లోన్లీ వేరు: గల్ఫ్ ఫోన్లలో వినిపించే 'ఒంటరి' మాటలు

మామిడికుదురు మండలంలోని ఓ ఊళ్లో పదో తరగతి చదివే అబ్బాయి ఇంగ్లీషు నోట్సులో తన కుటుంబం గురించి పది వాక్యాలు రాశాడు. అందులో ఒకటి 'మై ఫాదర్ లివ్స్ లోన్లీ ఇన్ కువైట్'. టీచరు 'లోన్లీ' కొట్టేసి, పైన ఎర్ర పెన్నుతో 'అలోన్' అని దిద్దారు. రాత్రి వాట్సాప్ కాల్‌లో ఆ సంగతి చెబితే వాళ్ల అబ్బా నవ్వి, "అలోన్ ఎక్కడరా బాబూ, రూములో ఎనిమిది మందిమి ఉంటాం" అన్నాడట.

గ్రామర్ ప్రకారం టీచరుగారు దిద్దింది సరైనదే. 'లివ్స్' తర్వాత 'లోన్లీ' అతకదు. కానీ అర్థం దగ్గరకొస్తే పిల్లాడి మాటే నిజానికి దగ్గరగా ఉంది. 'మై ఫాదర్ ఫీల్స్ లోన్లీ' అని రాసుంటే పేచీయే లేకపోను.

అలోన్ అంటే లెక్క. పక్కన ఎవరైనా ఉన్నారా లేదా, అంతే. 'ఐ యామ్ అలోన్' అంటే ఇంట్లో ఇంకెవరూ లేరని. అందులో బాధ ఉండాలని లేదు, హాయిగా కూడా ఉండొచ్చు. లోన్లీ మనసుకు సంబంధించింది. చుట్టూ పదిమంది ఉన్నా, మాట్లాడుకునే మన మనిషి లేకపోతే వచ్చే దిగులు. మన తెలుగులో 'ఒంటరి' ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది, చిక్కంతా అక్కడే. "నానీ ఇంట్లో ఒంటరిగా ఉంది" అంటే ఒక్కత్తే ఉందనా, దిగులుగా ఉందనా? చెప్పే గొంతును బట్టి తెలుసుకోవాలి. ఉర్దూలో 'అకేలా' అలోన్ వైపు, 'తన్హాయి' లోన్లీనెస్ వైపు మొగ్గుతాయి గానీ అక్కడా గీత అంత గట్టిగా లేదు.

ఇంకో తమాషా. మన 'ఒంటరి'లో ఉన్నది 'ఒంటి', అంటే ఒకటి. ఒంటిపూట బడి అంటాం చూడండి, అదే. ఇంగ్లీషు 'అలోన్' కూడా పాతరోజుల్లో 'ఆల్ వన్' అనే రెండు మాటలు కలిసి పుట్టింది. దాని తల నరికితే 'లోన్', దానికి తోక తగిలిస్తే 'లోన్లీ'. మొదట్లో లోన్లీకి దిగులు అర్థం అంతగా లేదు, ఒక్కటిగా ఉన్నదనే అర్థమే. అందుకే ఇప్పటికీ 'లోన్లీ రోడ్' అంటే దిగులుపడే రోడ్డు కాదు, జనం తిరగని రోడ్డు.

ఇష్టపడి కోరుకునే ఏకాంతానికి 'సాలిట్యూడ్' అనే మాట వేరే ఉంది. ప్రవక్త (స) హిరా గుహలో గడిపిన రోజులను ఇంగ్లీషులో చెప్పాలంటే ఇదే మాట. మన ఖల్వత్ అన్నమాట. రమజాన్ చివరి పది రోజులు మస్జిద్‌లో ఏతికాఫ్ కూర్చున్న మనిషిని ఎవరూ లోన్లీ అనరు. 'ఐసొలేషన్' ఇష్టంతో పనిలేనిది, పరిస్థితి మనల్ని విడదీస్తుంది. కరోనా రోజుల్లో ఈ మాట ఇంటింటికీ తెలిసింది. దీని మూలం లాటిన్‌లో 'ఇన్సులా', అంటే ద్వీపం. మన భాషలో లంక! గోదావరికి వరదొచ్చి దారులు మునిగితే పడవ కోసం ఎదురుచూసే లంక ఊళ్లవాళ్లకు ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

వాడుకలో కొన్ని జాగ్రత్తలు. 'అలోన్'ని మనిషి పేరుకు ముందు పెట్టి 'ఎన్ అలోన్ మ్యాన్' అనకూడదు. 'ఎ లోన్లీ మ్యాన్' అనొచ్చు. 'లీవ్ మి అలోన్' అంటే ఒంటరిగా వదిలిపెట్టమని కాదు, నా జోలికి రావద్దని. ఇది కసురుకోవడం, పెద్దవాళ్లతో వాడకండి. సూరహ్ ఫాతిహా ఇంగ్లీషు తర్జుమాలు కొన్నిటిలో కనిపించే 'అలోన్'కు అర్థం 'మాత్రమే'. పిల్లలు అక్కడ ఒంటరి అని చదువుకుంటే అర్థమే మారిపోతుంది.

అసలు నష్టం జరిగేది కాగితాల దగ్గర. వీసా, పాస్‌పోర్టు ఫారాల్లో 'మారిటల్ స్టేటస్' దగ్గర 'సింగిల్' అంటే పెళ్లి కానివారు. భర్త చనిపోయిన ఆవిడ "నేను ఇప్పుడు ఒక్కదాన్నే కదా" అని సింగిల్ దగ్గర టిక్కు పెడితే తప్పు. ఆమెకు 'విడో' అనే గడి వేరే ఉంటుంది. తలాక్ లేదా ఖులా అయినవారికి 'డివోర్స్‌డ్'. ఒక కాగితంలో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. అదే మాట మన రాష్ట్రం పింఛన్లలోకి వచ్చేసరికి ఇంకో అర్థం తెచ్చుకుంది. 'సింగిల్ విమెన్', అంటే ఒంటరి మహిళల పింఛనులో భర్త నుంచి విడిపోయినవారూ వస్తారు. వితంతువులకు పింఛను వేరు. కాబట్టి ఫారం ఎవరిది, ఎందుకు అని చూసుకున్నాకే టిక్కు పెట్టండి.

గల్ఫ్‌లో 'బ్యాచిలర్' మాట మరీ విచిత్రం. నలుగురు పిల్లల తండ్రి కూడా అక్కడ బ్యాచిలరే! అద్దె ప్రకటనలో 'బ్యాచిలర్స్' అంటే కుటుంబం వెంట లేకుండా ఉండే మగవాళ్లని. మొదటిసారి వెళ్లిన అబ్బాయి "నాకు నికాహ్ అయింది, నేను బ్యాచిలర్ కాను" అని ఫ్యామిలీ ఫ్లాట్ అడిగితే ఓనరు ఒప్పుకోడు.

డాక్టరు దగ్గర కూడా ఈ తేడా పనికొస్తుంది. ముసలివాళ్లను 'డు యు లివ్ అలోన్?' అని అడిగితే, పడిపోతే లేపడానికి, మందులు ఇవ్వడానికి ఇంట్లో మనిషి ఉన్నారా అని తెలుసుకోవడానికి. 'డు యు ఫీల్ లోన్లీ?' వేరే ప్రశ్న. దాన్ని ఆరోగ్యం సంగతిగానే చూస్తున్నారిప్పుడు. బ్రిటన్‌లో 2018లో లోన్లీనెస్ బాధ్యత ఏకంగా ఒక మంత్రికి అప్పగించారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఈ బాధ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. కొడుకులు ఖతర్‌లో, కోడళ్లూ మనవలూ ఇంట్లో ఉన్న నానీ మొదటి ప్రశ్నకు 'నో' అంటుంది. రెండోది ఆమెను తెలుగులో, పక్కన ఎవరూ లేనప్పుడు అడిగితే మంచిది.